కుడి భుజం, మూడు చుక్కలు

రెజిమెంటల్ బజార్‌లో నా కొట్టు మీద ‘ఆన్‌లైన్ సెంటర్’ అని బోర్డు ఉంది గాని, జనం మాత్రం ‘కోపం మేడమ్ దుకాణం’ అనే అంటారు. నాకు తెలియదనుకుంటారు. దరఖాస్తుకి చివరి తేదీ, సాయంత్రం ఐదున్నర, సర్వర్ పనిచెయ్యదు, అప్పుడొచ్చి పదో తరగతి మెమో ఇంట్లో మర్చిపోయానని చెప్పేవాణ్ణి చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అందరూ లోపల మండుతారు, నేను పైకి వినబడేట్టు మండుతాను. పేరు ఝాన్సీలక్ష్మి. భీమవరం నుంచి కాపురానికొచ్చి ఇరవై నాలుగేళ్ళు. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, పరీక్షల దరఖాస్తులు, ఇదీ నా వ్యాపారం. బజారులో సగంమంది పిల్లల పుట్టినతేదీలు నాకు నోటికొచ్చు.

నా గోడకి ఆనుకున్న కొట్టు సదాశివది. ‘సదాశివ టైలర్స్, మిలిటరీ అండ్ సివిల్’. ఆయన గురించి రాయడానికే కూర్చున్నాను. ఆకాశానికెత్తడానికి మాత్రం కాదు. మనిషి మంచివాడు, పనిమంతుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆ అనకపోవడమే కొంప ముంచింది.

సదాశివకి యాభై రెండేళ్ళు. సన్నటి మనిషి, మెడలో టేపు, నుదుటి మీదికి తోసుకున్న కళ్ళద్దాలు. వాళ్ళ నాన్న కంటోన్మెంటులో ఆఫీసర్లకి యూనిఫాంలు కుట్టేవాడు. ఈయనదీ అదే పని. పోస్టింగ్ మీద కొత్తగా వచ్చిన ఆఫీసర్లు అడ్రసు కనుక్కుని మరీ వస్తారు. రిపబ్లిక్ డేకి ముందు నెలంతా ఆయన మెట్ల మీద బూట్ల చప్పుడే. ఎందుకంటే ఆయన కుట్టిన కోటు తొడుక్కుంటే వంకర మనిషి కూడా నిటారుగా కనిపిస్తాడు. ఇదెలాగండీ అని ఓసారి అడిగాను.

“మనిషన్నోడు ఎవ్వడు సీదా ఉండడు మేడమ్,” అన్నాడు. “ఒకని భుజం కిందికుంటది, ఒకని నడుము పక్కకుంటది. దేవుడు టేపు పెట్టకుండనే కోసిండు. మనం బట్టల సరిచేస్తం, గంతే.”

సరిచేస్తారు సరే, ఆ సంగతి తొడుక్కునేవాడికి చెప్పరు. అది వాళ్ళ నాన్న పెట్టిన కట్టుబాటు. కస్టమర్ ఒంట్లో లోపం కస్టమర్ చెవిన పడకూడదు. కొలత తీస్తూ సదాశివ అంకెలు పైకి చెబుతుంటే, బటన్లు కుట్టే పుష్పమ్మ పుస్తకంలో రాసుకుంటుంది. ఒక భుజం రెండోదానికన్నా పావంగుళం దిగి ఉంటే ‘ఎడమ, ఒక చుక్క’ అంటాడు. అరంగుళమైతే రెండు చుక్కలు. వినేవాడు అదేదో సుద్దముక్క గుర్తనుకుంటాడు. దిగిన వైపు ఆ మేరకి పలచగా దూది కూర్చి, కుట్టు సర్ది పంపించేస్తారు. కల్నల్ గారైనా సరే, తన భుజం వాలిందని తెలియకుండానే రిటైరైపోతాడు.

వసుధ ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల పెరిగింది సగం ఇంట్లో, సగం ఆ కొట్లో కోత బల్ల చివర. హోంవర్కు అక్కడే, టిఫిను అక్కడే. పుష్పమ్మ రాని రోజున కొలతలు తనే రాసేది. చుక్కలంటే ఏమిటో తొమ్మిదేళ్ళకే తెలుసు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక లేడీ కెప్టెన్ యూనిఫాం ట్రయల్‌కి వచ్చింది. టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని, ఎలా ఉన్నానని ఈ పిల్లనే అడిగిందట. అంతే. ఆ రోజు నుంచి మిలిటరీ అకాడమీ తప్ప ఇంకో మాట లేదు. మనం ఏదన్నా అంటే, ఇప్పుడు అమ్మాయిల్ని కూడా తీసుకుంటున్నారు ఆంటీ అని నాకే పాఠం చెప్పేది, ఆ దరఖాస్తులన్నీ నింపే నాకు.

వాళ్ళింట్లో ఒక నియమం ఉండేది. రెడీమేడ్ బట్ట గుమ్మం దాటి లోపలికి రాకూడదు. “టైలర్ బిడ్డ రెడీమేడ్ తొడిగితే నా దుకాణం మీద ఎవనికి నమ్మకముంటది?” అనేవాడు సదాశివ. బళ్ళో ఆటలకిచ్చిన టీషర్టు కూడా కుట్లు విప్పి మళ్ళీ కుట్టి తొడిగేవాడు. మేమందరం నవ్వుకునేవాళ్ళం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం, పోనీలే అనుకున్నాం.

ఇంటర్ రెండో ఏడాది మొదట్లో వసుధ దరఖాస్తు నేనే నింపాను. ఆ రోజు తల్లీ తండ్రీ ఇద్దరూ వచ్చి చెరో స్టూలు మీద కూర్చున్నారు. తల్లి కల్పలత మాటకారి, ఈ విషయంలో కూతురికన్నా ఆవిడకే పంతం ఎక్కువ. తెల్లారకుండానే పిల్లని పరేడ్ గ్రౌండ్స్ దగ్గరికి తీసుకెళ్ళి, ఈ పిల్ల పరిగెడుతుంటే వెనక స్కూటీ మీద వెళ్తూ ఫోన్లో టైము చూసేది. “నిన్నటికన్న పన్నెండు సెకన్లు లేటు, రాత్రి బిర్యానీ తిన్నవ్ గద, అనుభవించు” అని అరిచేదట. సదాశివ మాత్రం స్క్రీన్ మీద కూతురి పేరు కనబడగానే చేతులు జోడించాడు.

“అకాడమీల యూనిఫాం ఎవరు కుడ్తరు మేడమ్?” అని అడిగాడు.

“వాళ్ళ టైలర్లు వాళ్ళకుంటారు. మీరు బెంగపెట్టుకోకండి.”

“వాళ్ళకేం తెలుసు నా బిడ్డ కొలత,” అన్నాడు.

తండ్రి ప్రేమ అనుకున్నాను. సెప్టెంబరులో రాతపరీక్ష, ఆ తర్వాత ఫలితాలు. రోల్ నంబరు జాబితాలో కనబడగానే కల్పలత నా మెడ పట్టుకుని ఊపేసింది. సదాశివ మైసూర్‌పాక్ తెచ్చి బజారంతా పంచాడు. పంచి వచ్చి, నా బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు. “ఇంటర్వ్యూ అయినంక మెడికల్ సుత ఉంటదా మేడమ్?” ఉంటుందన్నాను. “మొత్తం చూస్తరా?” మొత్తం చూస్తారన్నాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు. కళ్ళ గురించేమో, పిల్లకి దూరపు చూపు ఆనదేమో అనుకున్నాను.

జనవరిలో బెంగళూరుకి రమ్మని కాల్ లెటర్ వచ్చింది. ఐదు రోజులు అక్కడే ఉంచుకుని రకరకాల పరీక్షలు పెడతారు. నెగ్గినవాళ్ళని ఇంటికి పంపకుండా అటునుంచి అటే మిలిటరీ ఆసుపత్రికి తీసుకెళ్తారు. యాప్రాల్‌లో ఉండే రిటైర్డ్ మేజర్ రామభద్రరావు గారు ఆదివారాలు తన డాబా మీద పిల్లలకి శిక్షణ ఇస్తారు. తెల్ల టీషర్టు, తెల్ల బూట్లతో పూర్తి వేషంలో రమ్మని ఆయన వసుధకి చెప్పారు. ఆ ఆదివారం సదాశివ బేగంపేటలో ఒక పాత కస్టమర్ ఇంటికి పెళ్ళి సూటు ట్రయల్‌కి వెళ్ళాడు. టైము లేక ఈ పిల్ల జనరల్ బజార్‌లో ఒక తెల్ల టీషర్టు కొని, అక్కడే తొడుక్కుని, ఇరవై ఫొటోలు కావాలంటూ నా దగ్గరికొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఒంటి మీద పడ్డ మొదటి రెడీమేడ్ బట్ట అది.

“సరిగ్గా కూర్చోవే,” అన్నాను కెమెరాలోంచి చూస్తూ. “కుడి భుజం ఎత్తు.”

“ఎత్తిన ఆంటీ.”

“ఇంకాస్త.”

“ఇగ ఇంతే లేస్తది.”

సరే అని తీసేశాను. నా కంప్యూటర్‌లో మొహం మీద మొటిమలు తుడవడం, కాలర్ సర్దడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఫొటోని రెండు డిగ్రీలు తిప్పి, కుడి భుజం చిన్నగా పైకి లాగి, ప్రింటు కొట్టాను. చక్కగా వచ్చింది. థాంక్స్ ఆంటీ అని ఆ పిల్ల యాప్రాల్ బస్సెక్కడానికి పరిగెత్తింది.

వెళ్ళాక నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఎందుకు లాగాను ఆ భుజాన్ని? పాత ఫైళ్ళు తీశాను. ఆరో తరగతి నుంచి ఏటా వసుధ ఫొటోలు తీసింది నేనే. అన్నిట్లోనూ భుజాలు గీత గీసినట్టున్నాయి. అన్నిట్లోనూ తండ్రి కుట్టిన బట్టలే. ఇవాళొక్కరోజే బజారు బట్ట, ఇవాళే భుజం వాలింది.

మర్నాడు కొట్టు తెరవగానే పక్కకి వెళ్ళాను.

“సదాశివగారూ, వసుధ కుడి భుజం సంగతి మీకు తెలుసా?”

ఆయన చేతిలో కత్తెర ఆగింది. పుష్పమ్మ వైపు చూసి, “జెర చాయ్ పట్టుకరాపో” అన్నాడు. ఆవిడ మెట్లు దిగాక కత్తెర పక్కన పెట్టాడు.

“ఐదో తరగతిల యూనిఫాంకు కొలత పట్టిన మేడమ్. కుడి దిక్కు ఒక చుక్క ఉండె.”

“ఇప్పుడు?”

“మూడు.”

“డాక్టరుకి చూపించారా?”

లేదని తలూపాడు.

“కల్పలతకి తెలుసా?”

“ఆమెకు సుత తెల్వది.”

నాకు ‘గారు’ ఎగిరిపోయింది. “నీకు బుద్ధుందా సదాశివా? ఏడేళ్ళు కన్నబిడ్డ భుజం వాలిపోతుంటే చూస్తూ కూర్చున్నావా?”

“చూస్కుంట కూసోలే మేడమ్, కుట్టిన,” అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. “బట్టల సరిపోతదనుకున్న. సరిపోయింది సుత. బడిల ఒక్కలన్న నవ్విన్రా? ఎవరన్న పేరు పెట్టిన్రా? ఒక్కసారి వంకర అని పేరు పడ్డదంటే జన్మంత పోదు. నా చేతుల పని ఉంది, దాసిన. మొదలు చిన్నగ ఉండె. పెద్దగైనంక చెప్తే, ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అంటరు. గట్ల ఒక్కో ఏడు పోయింది.”

తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచాక నిన్న నేను తీసిన ఇరవై ఫొటోలు గుర్తొచ్చాయి. ఆయన ఏడేళ్ళు చేసిన పని నేను ఏడు నిమిషాల్లో చేశాను. కాస్త సిగ్గేసింది. అయినా కోపం తగ్గలేదు, నా కోపం అంత తేలిగ్గా తగ్గే రకం కాదు.

“పోయిరానీయండ్రి మేడమ్,” అన్నాడు. “ఐదు దినాలు దాని తెలివి చూస్తరు. ఇప్పుడు చెప్తే మనసు ఖరాబైతది, అంత పాడైతది. డాక్టర్లు కనిపెట్టకపోతే ఏమో, ఎవరికెరుక? కడుపు చింపుకుంటే కాళ్ళ మీదనే పడ్తది.”

“ఎక్స్‌రే తీసేటప్పుడు నువ్వు కుట్టిన కోటు వేసుకోనివ్వరయ్యా. అక్కడ, తెలియనివాళ్ళ మధ్య, ఒంటరిగా నిలబడి తెలుసుకోవాలా ఆ పిల్ల? రేపు పదింటిదాకా టైమిస్తున్నాను. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.”

మర్నాడు పదింటికి వసుధ ఆ టీషర్టు పట్టుకుని తండ్రి కొట్టుకి వచ్చింది. నేను సిగ్గు లేకుండా వాళ్ళ గుమ్మంలోనే నిలబడ్డాను.

“నాన్నా, గిది భుజాలకాడ ఎట్లనో ఉంది. జెర సరిచెయ్యవా?”

సదాశివ టీషర్టు తీసుకుని పక్కన పెట్టాడు. “నిలబడు బిడ్డా” అన్నాడు. టేపు తీశాడు. “పుష్పమ్మా, రాసుకో.”

పుష్పమ్మ తల ఎత్తి చూసింది. కూతురి కొలత ఆయన ఎప్పుడూ పైకి చెప్పలేదు, తనే కొలిచి తనే రాసుకునేవాడు. మెడ చెప్పాడు, ఛాతీ చెప్పాడు, చెయ్యి పొడవు చెప్పాడు. భుజం దగ్గరికొచ్చి ఆగాడు.

“కుడి,” అన్నాడు. మళ్ళీ ఆగాడు. “మూడు చుక్కలు.”

పుష్పమ్మ పెన్ను కదలలేదు. వసుధ అద్దంలో తండ్రిని చూసింది. ఆ పిల్లకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు కదా.

“నావేనా?” అంది.

“నీయే.”

“ఎన్నేండ్ల సంది?”

“ఏడు.”

“ఏడేండ్లు నా వీపు మీద చెయ్యి పెట్టి కొల్చినవ్. ఒక్కసారన్న చెప్పాలనిపియ్యలేదా?”

“ఎవ్వరికి చెప్పను గద బిడ్డా. మా నాయిన నేర్పింది గదే. కస్టమర్‌కు...”

“నేను కస్టమర్‌నా నాన్నా?”

వసుధ టీషర్టు తీసుకుని బయటికొచ్చి, నా కొట్లో ప్రింటర్ పక్కన అరగంట కూర్చుంది. తర్వాత “ఎముకల డాక్టర్ ఎక్కడుంటడు ఆంటీ?” అని అడిగింది.

కల్పలతని పిలిచి, అన్నీ చెప్పి, ముగ్గురం వెళ్ళాం. డాక్టర్ ఎక్స్‌రేని లైటు మీద పెట్టాడు. వెన్నెముక తెలిసిపోయేలా పక్కకి ఒంగి ఉంది, భుజం వాలింది అందుకే. రోజువారీ జీవితానికి ఏ ఇబ్బందీ లేదు, పరిగెత్తొచ్చు, బరువులెత్తొచ్చు అన్నాడు. మిలిటరీ వాళ్ళకి మాత్రం ఇన్ని డిగ్రీల లోపే ఉండాలని ఒక లెక్క ఉంటుంది, అంచులో ఉన్నావమ్మా, కొలిచే చేతిని బట్టి ఇటూ కావచ్చు, అటూ కావచ్చు అన్నాడు.

“చిన్నప్పుడే చూపిస్తే?” అని అడిగింది కల్పలత.

“పదేళ్ళప్పుడు వచ్చి ఉంటే బెల్టు వేసేవాళ్ళం. పూర్తిగా ఆగేదని చెప్పలేను. ఇంత అయ్యేది కాదేమో.”

ఆ ‘కాదేమో’ వాళ్ళింట్లో నెలల తరబడి తిరిగింది. కల్పలత భర్తతో మాట్లాడడం మానేసింది. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గాని, మొక్కప్పుడు వంగిందాన్ని నిలబెట్టే ఉపాయం కూడా మొక్కప్పుడే ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

వెళ్ళొద్దని ఎవరైనా అంటారేమోనని వసుధ ముందే చెప్పేసింది. “నేను పోతున్న. వాపస్ పంపియ్యాలంటే వాళ్ళే పంపియ్యాలె, నా అంతట నేను ఆగను.” ఆ తెల్ల టీషర్టునే, సరిచేయించకుండా, సంచిలో పెట్టుకుంది. సదాశివ దాని జోలికి పోలేదు. స్టేషన్‌కి వచ్చాడు, రైలు దగ్గర పదడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆ పిల్ల అందరికీ చెయ్యి ఊపింది. అందరిలో ఆయనా ఉన్నాడో లేదో ఆయనకే తెలియలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం కల్పలత నా కొట్లోకి ఊడిపడింది. ఆ బ్యాచ్‌లో వచ్చిన అమ్మాయిల్లో నలుగుర్నే తీసుకున్నారు, నలుగురిలో మన వసుధ ఉంది. నాతో చెప్పి, అటు తిరిగి పక్క కొట్టు గుమ్మంలోకి వెళ్ళి, “అయ్యిందయ్యా, నీ బిడ్డను తీస్కున్నరు” అంది. మూడు వారాల తర్వాత మొగుడితో మాట్లాడిన మొదటి మాట అది. సదాశివ లేచి నిలబడ్డాడు. నవ్వాడు. నవ్వుతూనే, “డాక్టర్ల కాడికి ఎప్పుడు పోవాలె?” అన్నాడు.

డాక్టర్ల దగ్గర అంచుకి అవతల తేలింది. అన్‌ఫిట్ అన్నారు. అప్పీలు చేసుకోవచ్చని ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని సదాశివ ఒక్కడే నా దగ్గరికొచ్చాడు.

“నింపండ్రి మేడమ్. ఇంకోటి సుత రాయాలె. తప్పు బిడ్డది కాదు, తండ్రిది. టైముకు దవాఖానకు తీస్కపోలేదు. గిది రాయండ్రి.”

“అలాంటిది రాయడానికి ఇందులో జాగా లేదు సదాశివగారూ.”

“ఎక్కడన్న ఒక మూలకు?”

ఫారం మొత్తం తిప్పి చూపించాను. పేరు, రోల్ నంబరు, తేదీ, సంతకం. ఆయన కళ్ళద్దాలు దించుకుని నాలుగు గళ్ళూ చదివాడు, జాగా దొరుకుతుందేమోనని. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు రాకుండా ఉండడానికి, వెనక నిలబడ్డ మనిషి మీద చిల్లర తేలేదని అరిచాను.

ఫిబ్రవరి చివర, ఇంటర్ పరీక్షలకి వారం ముందు, ఇంకో పెద్ద ఆసుపత్రిలో మళ్ళీ చూశారు. అంకె మారలేదు. ఇక అంతే. వసుధ ఇంటికొచ్చి పుస్తకాలు తీసుకుని కూర్చుంది. పరీక్షలు రాసింది. డిగ్రీ అడ్మిషన్ ఫారం నా దగ్గరే నింపించుకుంది. ఒక్కసారే ఆ ఊసెత్తింది. “ఐదు దినాలు నన్ను చూసి సరే అన్నరు ఆంటీ. అది నాదే గద, దాన్ని ఎవ్వరు వాపస్ తీస్కోలేరు,” అంది. అని, మళ్ళీ తనే, “అయినా బాధైతుంది” అంది. నేను తల మీద చెయ్యి వేశాను. ఇంకేం చెయ్యను?

అప్పటినుంచి ఆ పిల్ల రెడీమేడ్ బట్టలే వేస్తోంది. భుజం వాలినా దాచుకోదు. తండ్రితో పోట్లాడదు, అలగదు, కావలసినంతవరకే మాట్లాడుతుంది. భోజనం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, “అమ్మ పంపింది” అని వెళ్ళిపోతుంది. నాన్నా అన్న పిలుపు నేను విని నెలలైంది. ఆయన రోజూ ఒకటింటికి గుమ్మం వైపు చూస్తుంటాడు.

జూన్‌లో బళ్ళు తెరిచే ముందు, ఒకరోజు కరెంటు పోయి ఉక్కపోతకి ఆగలేక, ఆయన కొట్టు ముందున్న బల్ల మీద కూర్చున్నాను. ఒకావిడ స్కూలు యూనిఫాం గుడ్డ పట్టుకుని, తొమ్మిదీ పదేళ్ళ ఆడపిల్లని తీసుకొచ్చింది. వసుధ అప్పుడే డబ్బా పట్టుకుని మెట్లెక్కుతోంది. సదాశివ పాప మెడ కొలిచాడు, భుజం కొలిచాడు. టేపు తీసి మళ్ళీ భుజం కొలిచాడు. ఈసారి రెండు చేతులూ భుజాల మీద ఆనించి, వీపు వైపు వంగి చూశాడు. పుష్పమ్మ అంకె కోసం ఎదురుచూస్తోంది. ఆయన చెప్పలేదు. టేపు మెడలో వేసుకున్నాడు.

“అమ్మా, యూనిఫాం తర్వాత కుడ్తా,” అన్నాడు. “పాపకు ఒక భుజం కిందికుంది. వీపు జెర ఒక దిక్కు వంగుతున్నట్టు కొడ్తుంది. ముందుగాల ఎముకల డాక్టర్‌కు చూపియ్యమ్మా.”

ఆవిడ మొహం ఎర్రబడింది. “బట్టలు కుట్టేటోనివి, నువ్వు డాక్టర్‌వా? బంగారమసొంటి పిల్లకు నలుగుర్ల వంక పెడ్తవా? ఏం కండ్లయ్యా నీయి?” బజారులో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు.

“నా మాట ఇనమ్మా. నాకు తెలుసు. నేను... నా ఇంట్ల...”

ముప్పై ఏళ్ళు నోరు కట్టుకున్న మనిషికి మాటలు ఎక్కడినుంచి వస్తాయి? ఆవిడ గుడ్డ లాక్కుని, పాప రెక్క పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. సదాశివ చేతులు వేలాడేసుకుని అలాగే నిలబడ్డాడు.

వసుధ డబ్బా నా ఒళ్ళో పెట్టింది. దిగి పరిగెత్తింది.

“అక్కా, జెర ఆగు.”

ఆటోల మధ్య, కూరగాయల బండి పక్కన ఆవిణ్ణి ఆపింది. చున్నీ తీసి చేతికి చుట్టుకుంది. అంత బజారులో, అందరూ చూస్తుండగా, ఆవిడకి వీపు చూపిస్తూ తిరిగి నిలబడింది. ఇప్పుడు దాని మొహం మా వైపుంది.

“నా భుజాలు చూడు అక్కా. కనిపిస్తుందా? నాకు సుత పదేండ్లప్పుడు నీ బిడ్డ లెక్కనే ఉండె. అప్పుడు చూపిస్తే తగ్గుతుండెనేమో. ఎవ్వరు చెప్పలే.” తండ్రి వైపు చూసింది. “మా నాన్న సుత చెప్పలే. ఇయ్యాల నీకు చెప్పిండు. ఆయన చెయ్యి తప్పు కొలవదు అక్కా.”

ఆవిడ చాలాసేపు వసుధ వీపునే చూసింది. తర్వాత కూతురి వీపు మీద చెయ్యి పెట్టి, మెల్లగా కిందదాకా నిమిరింది.

“ఏ దవాఖాన్ల చూపియ్యాలె బిడ్డా?” అని అడిగింది.

“దగ్గరనే. పా, నేను సుత వస్తా,” అని వసుధ పాప చెయ్యి పట్టుకుంది.

రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “నాన్నా, అన్నం తిను. నేను వచ్చేటాల్లకు లేటైతది,” అంది.

సదాశివ తలూపాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే ఉండి, లోపలికొచ్చి, మెషిన్ ముందు కూర్చుని ఏడ్చాడు. పుష్పమ్మ పుస్తకం మూసేసింది. నేను డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను.